శీలావతి పులుసులో సీల

నెల్లూరు ఆచారివీధిలో కమ్మలు కొన్న రోజు షాపతను ఒకే మాట పదిసార్లు చెప్పాడు. "పెట్టుకున్నట్టే తెలియదు మేడం." ఇప్పుడు ఆలోచిస్తే ఆయన అబద్ధమేమీ ఆడలేదు. పెట్టుకున్నట్టూ తెలియలేదు, పోయినట్టూ తెలియలేదు.

అసలు ఆచారివీధి దాకా ఎందుకు పోవాల్సి వచ్చిందో ముందు చెప్పాలి. నా పెళ్లినాటి ఏడురాళ్ల కమ్మలు బీరువాలో భద్రంగా ఉన్నాయి. అవి పెట్టుకుని హెల్మెట్ తగిలించుకుంటే ఆఫీసుకు చేరేసరికి చెవుల వెనక సీలలు అచ్చు గుద్దేస్తాయి. అందుకని రోజూ పెట్టుకునే నగలు నా చేత్తో నేనే చేసుకుంటానని రెండేళ్ల కింద ఒట్టు పెట్టుకున్నాను. యూట్యూబ్ చూసి చిన్నబజారుకు పోయి సిల్క్ దారాలు, కుందన్ రాళ్లు, గమ్ము, ముక్కు సన్నగా ఉండే కటింగ్ ప్లయర్, పూసలు, పిన్నులు సంచీ నిండా తెచ్చుకున్నాను. మా ఆయన ఆ సంచీని చూసి, "ఈ డబ్బుకు ఒక గ్రాము బంగారం వచ్చేదేమో" అన్నాడు. రాదు. నేను లెక్క వేసే కొన్నాను.

మొదట కాగితం చుట్టలతో జూకాలు చేశాను. క్విల్లింగ్ అంటారు. చూడ్డానికి ఎంత ముద్దుగా ఉన్నాయో! మా ఊరికి వానలు అందరితోపాటు రావు కదా, అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అలాంటి ఒక సాయంత్రం ట్రంకు రోడ్డు మీద తడిశాను. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే చెవులకు జూకాలు లేవు, తడిసిన బస్ టికెట్లు వేలాడుతున్నాయి. వార్నిష్ రెండు కోట్లు వేయాలని వీడియోలో చెప్పారట, నేను ఆ భాగం స్కిప్ చేశాను.

తర్వాత ఫ్యాన్సీ షాపు కొక్కేలకు పూసలు గుచ్చుకుని పెట్టుకున్నాను. మూడో రోజుకు చెవితమ్మెలు ఎర్రబడి ఒకటే దురద. కొక్కేలలో నికెల్ ఉంటే కొందరికి అంతేనట, ఆ కొందరిలో నేనున్నాను. ఆ తర్వాత వన్ గ్రామ్ గోల్డ్ గొలుసు. ఎండాకాలం మా నెల్లూరు చెమట తెలిసిందే కదా, ఆ చెమటకు లోపలి రాగి పైకి తేలి మెడ చుట్టూ పచ్చటి గీత పడింది. గొలుసు తీసేసినా గీత రెండు రోజులు అలాగే ఉంది. మా అత్తగారు తీరిగ్గా చూసి, "చిలకలపూడి సరుకు అయినా నయమమ్మా, ఇదేంది మెడకు నాచు పట్టినట్టు" అన్నారు.

అలా ఆచారివీధికి చేరాం. నాతోపాటు మా ఆయన, అత్తగారు, పదో తరగతి చదివే మా అబ్బాయి. కమ్మలు పెట్టుకునేది నేను ఒక్కదాన్నే, సెలక్షన్ కమిటీలో మాత్రం ముగ్గురు. అత్తగారికి అర్ధసవరకు తగ్గకూడదు. సవర అంటే మా వైపు ఎనిమిది గ్రాములు, అంటే నాలుగు గ్రాములన్నమాట. మా ఆయనకు రెండు దాటకూడదు. మధ్యలో పడి మూడు గ్రాముల ఒంటి తెల్లరాయి కమ్మలు తేలాయి. అత్తగారు తరుగు దగ్గర బేరం పెట్టి, మజూరీ దగ్గర ఇంకోసారి పెట్టి, మూడు శాతం జీఎస్టీ దగ్గర కూడా పెట్టబోతే, "అది ప్రభుత్వానిది అమ్మా" అని షాపతను దణ్ణం పెట్టాడు. మా ఆయన భూతద్దం అడిగి తీసుకుని, కాడ మీద గుడ్డి అక్షరాలను పావుగంట చదివాడు. ముక్కోణం గుర్తు, 22కే916, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ, అంటే నగ గుర్తింపు నంబరు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ నంబరు లేని హాల్‌మార్క్ నగ అమ్మడానికి వీల్లేదని షాపతనికే పాఠం చెప్పాడు. ఫోన్లో యాప్ తెరిచి నంబరు సరిచూశాడు. వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారమేనని నలుగురం నమ్మాం. సీల మర బిగుతుగా పడుతోందా అని మాత్రం నలుగురిలో ఒక్కరమూ చూడలేదు. చిన్న గుండ్రటి సీల, తిప్పితే తిరుగుతూనే ఉండేది. "ఎంత స్మూత్‌గా ఉందో" అని నేను మురిసిపోయాను కూడా.

అది జరిగిన నాలుగు నెలలకు ఒక శనివారం. మర్నాడు మా ఆడపడుచు, వాళ్లాయన, వాళ్ల అమ్మాయి కావలి నుంచి భోజనానికి వస్తున్నారు. కొత్త అల్లుడికైనా జరగని మర్యాద మా ఇంట్లో కావలి అల్లుడికి జరుగుతుంది. చేపల పులుసు ముందురోజు రాత్రే కాచి, తెల్లవార్లూ నాననిచ్చి పెడితేనే రుచి అని అత్తగారి శాసనం. నాకు ఆ సాయంత్రం వేరే పని ఉంది. మేనకోడలికి జూకాలు చేసి ఇస్తానని మాటిచ్చాను. ముత్యాల పూసలు, బంగారు రంగు పూసలు పళ్లెంలో పోసుకుని చాప మీద కూర్చున్నాను.

ఈ పనిలో ఒక సుఖం ఉంది, అది చేసినవాళ్లకే తెలుస్తుంది. పిన్నుకు ముందు ముత్యం, దాని మీద బంగారు పూస గుచ్చాలి. మిగిలిన తీగను పూస మీదుగా లంబంగా వంచాలి. సెంటీమీటరు ఉంచి మిగతాది కత్తిరించాలి. ఆ కొసను ప్లయర్ ముక్కుతో పట్టుకుని మెల్లగా వెనక్కు చుడితే సున్నా వస్తుంది. సున్నా పూర్తిగా మూసుకోకముందే జూకా అంచున ఉన్న కన్నానికి తగిలించి, అప్పుడు నొక్కాలి. ఎక్కువ నొక్కితే తీగ విరుగుతుంది, తక్కువ నొక్కితే పూస జారుతుంది. జూకాకు ఏడు చొప్పున పద్నాలుగు. పదమూడు పూర్తయ్యేసరికి బంగారు పూసలు అయిపోయాయి. వెతకగా వెతకగా నా చీర కుచ్చిళ్ల దగ్గర చాప మీద ఒకటి దొరికింది. తక్కినవాటంత పసుపు లేదు, కాస్త వెలిసినట్టుంది. చేత్తో చేసిన వస్తువంటే ఆ మాత్రం తేడా ఉంటేనే అందం అనుకుని గుచ్చేశాను.

రాత్రి పులుసు దగ్గర నాకు అప్పజెప్పిన పని ఒక్కటే, ఉడుకు పట్టాక మామిడికాయ ముక్కలు వేయడం. మట్టిదాక మీదికి వంగి వేశాను. ఆదివారం పొద్దున తలస్నానం చేసి, తలకు టవల్ చుట్టుకుని, విప్పి ఆరేసి, బొట్టు పెట్టుకుందామని అద్దం ముందు నిలబడితే ఎడమ చెవి బోసిగా ఉంది.

మంచం, దుప్పటి, బాత్రూం, జాలీ, చీపురు, చెత్తబుట్ట, అన్నీ అయ్యాయి. అప్పుడు అత్తగారు కళ్లు మూసుకుని జ్ఞాపకం తెచ్చుకున్నారు. "రాత్రి నువ్వు మామిడికాయ ముక్కలేస్తుంటే కడాన 'టుప్పు'మని ఒక చిన్న చప్పుడు వినపడిందమ్మాయ్."

అందరం దాక వైపు తిరిగాం. మూడు కిలోల శీలావతి చేప, చిక్కటి చింతపండు పులుసు, లోపలంతా నల్లటి మట్టి. అందులో చెవికమ్మ.

"గరిటెతో ఒకసారి కలిపి చూద్దామా అత్తా?" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"చేపల పులుసులో గరిటా!" అన్నారావిడ. "ముక్క చితికిపోతే అల్లుడికి ఏం పెట్టేది? నా కాపురంలో ఇప్పటిదాకా పులుసులో గరిటె పెట్టిందాన్ని కాదు." నిజమే. దాకను రెండు పక్కలా గుడ్డతో పట్టుకుని గుండ్రంగా ఊపడమే మా ఇంటి పద్ధతి. పావు సవర కూడా లేని బంగారానికి ఆ పద్ధతి మారదని తేలిపోయింది.

మా ఆయన ఫ్రిజ్ మీది అయస్కాంతం పీకి దారం కట్టుకొచ్చాడు.

"బంగారం అయస్కాంతానికి అంటుకోదండీ" అన్నాను.

"ఒకవేళ అంటుకుంటే?"

"అంటుకుంటే కమ్మ దొరికినందుకు సంతోషపడాలా, షాపువాడు ముంచినందుకు ఏడవాలా?" అనేసరికి దారం జేబులో పెట్టుకున్నాడు. మా అబ్బాయి మాత్రం పరీక్షలో రానంత స్పష్టంగా చెప్పాడు. "అమ్మా, బంగారం సాంద్రత 19.3. పులుసులో తేలే చాన్సే లేదు, అడుక్కే పోయుంటది." ఇరవై రెండు క్యారెట్లకు కొంచెం తగ్గుతుందని కూడా జోడించాడు.

అత్తగారు వెంటనే ప్లాన్ వేశారు. పైన ఉన్న ముక్కలు, పై పులుసు అల్లుడికి, ఆడపడుచుకు, పిల్లకు. అడుగుది మనకు. అల్లుడికి విషయం తెలియకూడదు. అందరూ నెమ్మదిగా నమిలి తినాలి.

కావలి అన్నయ్య పన్నెండున్నరకు వచ్చి, కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నారు. మేనకోడలు జూకాలు పెట్టుకుని ఇల్లంతా తిరుగుతోంది. ఆయన మొదటి ముద్ద పెట్టుకున్నారు. మేం నలుగురం ఆయన దవడలే చూస్తున్నాం. రెండో ముద్ద. ముల్లు తీయడానికి నోట్లో వేలు పెట్టారు. మా ఆయన ముందుకు వంగాడు. ముల్లే. మళ్లీ వెనక్కు జరిగాం.

"ఏందత్తా, అట్టా చూస్తుండారు? నేనేమన్నా ఎక్కువ తింటుండానా?" అన్నారాయన మొహమాటంగా.

"అబ్బెబ్బే, తిను నాయనా. బాగా నమిలి తిను. తొందరేముంది" అన్నారు అత్తగారు. పాపం ఆయన అన్నం తక్కువ పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఇంకో రెండు ముద్దలకు మళ్లీ చనువొచ్చి, గిన్నె ముందుకు తోశారు.

"అత్తా, పై పులుసు కాదు, అడుగుది వెయ్యి. రుచంతా ఆడనే ఉండాది."

మా అబ్బాయి నీళ్ల గ్లాసులో దగ్గాడు. కాదనడానికి అత్తగారికి నోరు రాలేదు. అల్లుడు నోరు తెరిచి అడిగితే లేదనడం ఆ ఇంట్లో జరగదు. అడుగు పులుసు వేశారు. ఆయన కలుపుకున్నారు. నోట్లో పెట్టుకున్నారు.

టక్.

నలుగురం లేచి నిలబడ్డాం. ఆయన భయపడి నోట్లోది విస్తట్లోకి తీశారు. మామిడికాయ టెంక ముక్క. "ముదురుకాయ వేసినట్టుండారే" అన్నారాయన, మేమెందుకు నిలబడ్డామో అర్థంకాక తనూ సగం లేచి. మా ఆడపడుచు తర్వాత నన్ను వంటింట్లోకి లాగి, "వదినా, మీ ఇంట్లో అల్లుడు తింటుంటే లెక్కబెడతారా?" అని అడిగింది. అప్పుడు చెప్పాల్సొచ్చింది. ఆమె నవ్వి నవ్వి కూర్చుండిపోయింది, మొగుడికి మాత్రం చెప్పలేదు.

వాళ్లు వెళ్లాక దాక అడుగును టీ జల్లెట్లో వడగట్టాం. మెంతులు నాలుగు, కరివేపాకు కాడ ఒకటి, ఇంకో టెంక ముక్క. కమ్మ లేదు. ఇక వదిలేసుకుని, ఆరిన బట్టలు తెద్దామని డాబా ఎక్కాను. పొద్దున తలకు చుట్టుకున్న టవల్ తీగ మీద ఉంది. దాని పోగుకు చిక్కుకుని, తెల్లరాయి ఎండకు మెరుస్తూ వేలాడుతోంది నా కమ్మ. సీల లేదు.

"సీల తేలిగ్గా ఉంటది. అది పులుసులోనే పడుంటది" అని అత్తగారు తేల్చారు. మా అబ్బాయి సాంద్రత సంగతి మళ్లీ ఎత్తితే వినలేదు. అడుగు పులుసు తిన్నది అల్లుడు, కనుక సీల అల్లుడి కడుపులో ఉంది. మూడు రోజులు వరసగా ఫోన్ చేసి, "నాయనా, కడుపులో బాగుండాదా? మోషన్ ఫ్రీగా అవతా ఉండాదా?" అని అడిగారు. ఇంత ప్రేమ గల అత్తగారు ఎవరికీ ఉండదని ఆయన తన ఆఫీసులో చెప్పుకున్నారట. మా ఆయన సీల ధర లెక్క వేయబోతే అత్తగారు ఊరుకోబెట్టారు. "పోనీలేరా. అల్లుడికి పెట్టిన బంగారం ఎప్పుడన్నా వెనక్కొచ్చిందా?"

కొత్త సీల చేయించడానికి కమ్మ ఆచారి దగ్గర ఇచ్చి రావాల్సొచ్చింది, మర కలవాలి కదా. అది వచ్చేదాకా చెవి కన్నం పూడకుండా అత్తగారు వేపపుల్ల తుంచి పెట్టారు. దురద లేదు, పచ్చగీత లేదు, జీఎస్టీ లేదు. కొత్త సీలను ఆచారి ముందే పదిసార్లు తిప్పి చూసి తీసుకున్నాను.

నెలన్నర తర్వాత కావలి నుంచి మేనకోడలు ఫోన్ చేసింది.

"అత్తా, నువ్వు చేసిచ్చిన జూకాలు రోజూ కాలేజీకి పెట్టుకుపోతుండా. పూసలన్నీ నల్లబడిపోయినాయి. ఒక్కటి మాత్రం కొత్తగా కొన్నట్టు తళతళలాడతా ఉండాది. అది ఏ షాపులో తెచ్చినావు? ఈసారి పద్నాలుగూ అవే వెయ్యి."