నిమ్మాకు పాడిందా, నువ్వు పాడించావా?

(పొదలకూరు దగ్గర ఒక నిమ్మతోట. ఇంజనీరింగ్ చదివే అల్లుడు ఒక ఆకుకు రెండు ఎలక్ట్రోడ్లు అంటించి, చిన్న పెట్టె ద్వారా ఫోన్‌కు కలిపాడు. ఫోన్‌లో మోహన రాగ స్వరాలు వినిపిస్తున్నాయి. కాలేజీ ఫెస్ట్ పోస్టర్ మీద "నిమ్మచెట్టు పాడిన మోహన" అని ఉంది. మామ గుళ్లో సన్నాయి విద్వాంసుడు.)

మామ: ఏందిరా అల్లుడూ ఈ పోస్టర్? నిమ్మచెట్టుకు మోహన ఎవరు నేర్పారు?

అల్లుడు: ఎవరూ నేర్పలేదు మామా. ఎండ పడినా, నీళ్లు పెట్టినా, చెయ్యి తగిలినా ఆకు కరెంటును అడ్డుకునే తీరు, అంటే రెసిస్టెన్స్, మారుతుంది. పెట్టె ఆ మార్పును కొలిచి స్వరాలు చేస్తుంది.

మామ: మరి మ, ని ఒక్కసారి కూడా తగల్లేదే?

అల్లుడు: మోహనలో ఉండే స రి గ ప దలే పలకాలని నేనే సెట్ చేశాను. లేకుంటే వినడానికి బాగుండదు.

మామ: అదిగో! (ఎలక్ట్రోడ్లు ఊడదీసి, భుజం మీది తువ్వాలును బకెట్లో ముంచి పిండి, దానికి అంటించాడు. కాసేపటికి ఫోన్ పలికింది: గ... ప... ద... గ...) ఇప్పుడెవరు పాడుతున్నట్టు? నా తువ్వాలా?

అల్లుడు: తడి ఉన్న దేన్నయినా పెట్టె కొలుస్తుంది, కాదనను. అంతమాత్రాన మొక్కలో ఏమీ లేదనకండి. అత్తిపత్తిని ముట్టుకుంటే, ఆకులు ముడుచుకునే ముందు అందులో నిజంగానే విద్యుత్ తరంగం పరుగెడుతుంది. జగదీశ్ చంద్ర బోస్ 1900ల మొదట్లోనే మొక్కల్లో ఇలాంటివి కొలిచి చూపించాడు. అంతెందుకు, కండరంలోకి సూది గుచ్చి, స్పీకర్లో వచ్చే శబ్దాన్ని బట్టి జబ్బు పోల్చుకునే డాక్టర్లు లేరా?

మామ: ఆ డాక్టరు శబ్దాన్ని మోహనలోకి దిద్దుకుని వింటాడా? దిద్దితే జబ్బు తెలుస్తుందా?

అల్లుడు: ఆయనకు జబ్బు కావాలి, నాకు సంగీతం కావాలి. 1965లో అమెరికాలో ఆల్విన్ లూసియర్ అనే స్వరకర్త తలకు ఎలక్ట్రోడ్లు పెట్టుకుని కచేరీయే చేశాడు. మెదడులో ఆల్ఫా అనే విద్యుత్ తరంగాలు సెకనుకు సుమారు 8 నుంచి 13 సార్లు ఊగుతాయి. 20 కంటే తక్కువైతే మన చెవికి అందదు. అందుకని వాటి బలాన్ని పెంచి స్పీకర్లకిచ్చాడు. ఆ అదురుకు డ్రమ్ములు, తాళాలు మోగాయి.

మామ: ఆ తరంగం ఎప్పుడొస్తుంది?

అల్లుడు: కళ్లు మూసుకుని నిమ్మళంగా ఉంటే బలంగా వస్తుంది. కళ్లు తెరిచి చూస్తే తగ్గిపోతుంది.

మామ: ఇది నచ్చిందిరా! కదలకుండా కూర్చున్న మనిషి డ్రమ్ము మోగించాడు. తరంగం ఊగినట్టే తోలు అదిరింది. మధ్యలో రాగం తెచ్చి అతికించలేదు. మోహనలో ఒక్క గాంధారం నిండుగా పలకాలంటే ఊపిరి ఎంత వదలాలో, పెదవి ఎంత బిగించాలో నాకు ఇప్పటికీ సాధనే. ఆ పని నువ్వు సెట్టింగులో చేసి చెట్టు పేరు పెడితే, చెట్టు సంగతీ తెలియదు, నీ పనీ తెలియదు.

అల్లుడు: రాగం తీసేస్తే ఎవరు వింటారు మామా? ఈ స్వరాల కోసమే పిల్లలు దగ్గరికొచ్చి, ఆకును ముట్టుకుని, ఎందుకు మారిందని అడుగుతున్నారు.

మామ: మొదట అబద్ధం చెప్పి ఆ తర్వాత ప్రశ్న అడిగిస్తావా?

అల్లుడు: సరే, పోస్టర్ మారుస్తా. రాగం మాత్రం తియ్యను.

మామ: తియ్యొద్దు. రాగం ఎంచింది నువ్వేనని రాయి. ఆకు పక్కనే తడి తువ్వాలు కూడా పెట్టు. రెండూ వినిపించు.

అల్లుడు: తువ్వాలు చూస్తే ఆకు మీద నమ్మకం పోతుంది. దాని బదులు అత్తిపత్తి కుండీ పెడతాను. దానికి వేరే సర్క్యూట్ కావాలి, చేస్తాను. ముట్టుకున్నప్పుడే పలుకుతుంది, ఏ రాగమూ ఉండదు.

మామ: అదీ పెట్టు. తువ్వాలూ పెట్టు.