టెన్షన్ పడకండి అంటే ఎప్పుడైనా టెన్షన్ తగ్గిందా?

పన్నెండేళ్లుగా స్టాఫ్ నర్సుని, అందులో ఎనిమిదేళ్లు ఐసీయూలోనే. "టెన్షన్ పడకండి" అని నేనే కొన్ని వేలసార్లు అని ఉంటాను కాబట్టి ముందు నన్ను నేనే తిట్టుకుంటున్నాను. తండ్రి వెంటిలేటర్ మీద ఉన్నాడు, కౌంటర్‌లో డబ్బు కట్టమంటున్నారు, రెండు రాత్రులుగా నిద్ర లేదు. టెన్షన్ పడక ఇంకేం పడతారండీ?

మొన్న మా వాట్సాప్ గ్రూపులో ఎవరో "ఈ అటెండర్లతో వేగలేకపోతున్నాం, ఎప్పుడు చూసినా అరుపులే" అని పెట్టారు. అటెండర్లంటే పేషెంట్ తాలూకు వాళ్లు. నాకూ విసుగొచ్చే రోజులున్నాయి. క్యాజువాలిటీలోకి రాగానే కనబడేది ఏంటి? సిబ్బంది మీద దాడి చేస్తే మూడేళ్ల జైలు, 50 వేల జరిమానా అన్న బోర్డు. 2008లో వచ్చిన చట్టం అది, ఉండాల్సిందే, చెయ్యెత్తినవాడిని పోలీసులకి అప్పజెప్పాల్సిందే. కానీ గొంతు పెంచిన ప్రతివాడినీ ఆ బోర్డు చూపించి పంపేస్తే ఎలా? మగవాళ్లకి నలుగురిలో ఏడవడం నామోషీ కదా, భయమంతా అరుపై బయటికొస్తుంది.

నేను కొత్తలో ఉన్నప్పటి మాట. ఒక రాత్రి పక్షవాతంతో ఒక పెద్దాయనని తెచ్చారు. సీటీ స్కాన్‌కి తీసుకెళ్లి, ఐసీయూలోకి మార్చేసరికి రెండు గంటలు పట్టింది, ఆ రెండు గంటలూ బయటున్న కొడుక్కి ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. నేను తలుపు తీసి "పేషెంట్ తాలూకు ఎవరు?" అనగానే "బతికున్నాడా లేదా, అదైనా చెప్పండి!" అని మీద పడిపోయాడు. నేనేమన్నానో తెలుసా? "ఇది ఐసీయూ అండీ, అరవకండి, సెక్యూరిటీని పిలవమంటారా?" ఇంకేముంది, ఇంకా రెచ్చిపోయాడు.

మా సీనియర్ అక్క వచ్చి అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి తనూ పక్కన కూర్చుంది. "రెండు గంటలు ఏమీ చెప్పకుండా నిలబెట్టేశాం బాబూ, తప్పు మాదే" అంది. అంతే, ఇంకేం మాట్లాడలేదు. అతని చేతిలో మేమిచ్చిన ప్లాస్టిక్ కవరు, అందులో వాళ్ల నాన్న చెప్పులు, వాచీ, కత్తిరించిన మొలతాడు. ఆ కవరు ఒళ్లో పెట్టుకుని భోరుమన్నాడు. ఏడవొద్దని కూడా అనలేదు అక్క. కాస్త తేరుకున్నాక డ్యూటీ డాక్టర్‌ని పిలిచి, ఆయన్నీ కూర్చోబెట్టి, స్కాన్ సంగతి చెప్పించింది.

చెడు కబురు ఎలా చెప్పాలో స్పైక్స్ అని ఆరు మెట్ల పద్ధతి 2000లోనే రాసిపెట్టారు. మొదటి మెట్టే నలుగురూ లేని చోటు చూసుకుని కూర్చోవడం. మన దగ్గరా 2019 బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్‌లో ఏట్‌కామ్ (వైఖరి, నైతికత, మాటతీరు) పేరుతో ఇవి నేర్పిస్తున్నారు, సంతోషం. నేను చూసిన కౌన్సెలింగ్‌లు మాత్రం ఎక్కువగా లిఫ్టు పక్కన నిలబడే జరిగాయి, మధ్యలో డాక్టర్ గారి ఫోన్ మోగుతూ. టైమ్ లేదంటారు, నిజమే, నైట్ డ్యూటీలో మాకెన్ని బెడ్లో నాకు తెలుసు. కానీ ఆ రాత్రి అక్క కూర్చున్నది పది నిమిషాలు కూడా లేదు, తలుపు దగ్గర నేను వాదించిందే ఎక్కువసేపు.

పుస్తెల సంగతీ అంతే. ఆపరేషన్‌కి ముందు "రూలమ్మా, తీసెయ్యండి" అంటాం, ఆమె మొహం మాడిపోతుంది, పక్కన అత్తగారు ఏడుపు మొదలుపెడుతుంది. లోపల కాటరీ, అంటే కరెంటుతో కోసి రక్తం ఆపే పరికరం వాడతారు, ఒంటి మీద లోహం ఉంటే కాలే ప్రమాదం ఉందని చెప్పి, ఆమె చేత్తోనే తీసి భర్తకి ఇవ్వనిస్తే మనదేం పోతుంది? పసుపుకొమ్ము దారం ఉంచుకుంటానంటే థియేటర్ వాళ్లని ఒక మాట అడిగి చూడొచ్చుగా.

ఇప్పుడు నేను చేసేది ఒకటే. చెప్పడానికేం లేకపోయినా బయటికెళ్లి "ఇప్పటికైతే ఏం మారలేదండీ, మళ్లీ పదింటికి వస్తాను" అని చెప్పి, పదింటికి వెళ్తాను. నిన్న ఎమర్జెన్సీ వచ్చి పదిన్నర అయింది. గోడవార కూర్చున్న ముసలాయన లేచి "అరగంట లేటయిందమ్మా" అన్నాడు.

"అయింది బాబాయ్, సారీ" అన్నాను.