కోరిక తగ్గితే ముందు అడగాల్సింది మందుల చీటీ

హైదరాబాద్‌లో గోడల మీద, ఫ్లైఓవర్ స్తంభాల మీద 'పురుష బలహీనత'కు గ్యారంటీ వైద్యమనే రాతలు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి. లైంగిక సామర్థ్యం పెంచుతామంటూ మందులను ప్రచారం చేయడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించినా వాటికి గిరాకీ తగ్గలేదు. కోరిక సన్నగిల్లితే మగతనం పోయిందనో, మనసు మరొకరి మీదకు మళ్లిందనో అనుకుంటామే తప్ప, మెడలోని థైరాయిడ్‌నో, మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీనో అనుమానించం.

ఈ రెండు గ్రంథులకూ కోరికతో లంకె ఉంది. థైరాయిడ్ బాగా మందగిస్తే నీరసం, దిగులుతో పాటు కొందరిలో పిట్యూటరీ విడుదల చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ కూడా పెరుగుతుంది. అది పెరిగితే అండాశయాలకు, వృషణాలకు మెదడు నుంచి వెళ్లే సంకేతాలు తగ్గి ఈస్ట్రోజన్, టెస్టోస్టిరాన్ అనే సెక్స్ హార్మోన్లు పడిపోతాయి, వాటితో పాటే కోరికా తగ్గుతుంది. వాంతులకు వాడే డొంపెరిడోన్, మానసిక వ్యాధులకు ఇచ్చే కొన్ని మందులు కూడా ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి కాబట్టి, ఖరీదైన స్కానింగుల కన్నా ముందు పాత మందుల చీటీని చూడటం మేలు.

పరీక్షల్లోనూ తొందరపాటు ఎక్కువే. టెస్టోస్టిరాన్ ఉదయం పూట ఎక్కువగా ఉంటుంది. అందుకే పొద్దున్నే, రెండు వేర్వేరు రోజుల్లో చూస్తేగానీ లోపం ఉందని నిర్ధారించకూడదు. గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ ముగించుకుని, నిద్ర లేకుండానే ల్యాబ్‌కు వెళ్లి ఇచ్చిన ఒక్క శాంపిల్‌ను నమ్ముకుని ఇంజెక్షన్లు మొదలుపెట్టడం నా దృష్టిలో వైద్యం కాదు. పైగా బయటి నుంచి ఇచ్చే టెస్టోస్టిరాన్ వీర్యకణాల తయారీని అణచివేస్తుంది. పిల్లల కోసం ఎదురుచూస్తున్న దంపతులకు ఈ మాట ముందే చెప్పాలి.

కోలుకోవడానికి సమయం పడుతుంది. థైరాయిడ్ మందగించినవారికి ఇచ్చే థైరాక్సిన్ మోతాదు సరిపోయిందో లేదో తెలియడానికే ఆరు నుంచి ఎనిమిది వారాలు కావాలి. ప్రొలాక్టిన్‌ను పెంచే పిట్యూటరీ గడ్డలు చాలావరకు ఆపరేషన్ లేకుండా క్యాబర్గోలిన్ మాత్రలకే లొంగుతాయి. మెనోపాజ్ దాటిన స్త్రీలలో అసలు అడ్డంకి తరచూ యోని పొడిబారడం వల్ల కలిగే నొప్పే. దాన్ని తగ్గించకుండా కోరిక గురించి మాట్లాడటం అన్యాయం. రిపోర్టులో అంకెలు సరైన తర్వాత కూడా నెలల తరబడి పేరుకున్న అలకలు, భయాలు ఒక్కసారిగా తొలగిపోవు.

నిమ్స్‌లోనూ, ఉస్మానియాలోనూ ఎండోక్రైనాలజీ విభాగాలున్నాయి. అక్కడికి ఒక్కరే వెళ్లకుండా దంపతులిద్దరూ వెళ్తే మంచిది. మార్పు ఎప్పుడు మొదలైందో, ఏ మాత్ర వేసుకున్నాక మొదలైందో చాలాసార్లు రోగికన్నా పక్కనున్న మనిషికే బాగా గుర్తుంటుంది.