పసి ఊపిరికి కాపు ఏది?

జలుబు మందు వేస్తే వారంలో, వేయకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందంటారు. పెద్దల విషయంలో అది నిజమే. రెండు మూడు నెలల పసికందు దగ్గర ఆ మాట చెల్లదు. ముక్కు కారడంతో మొదలైన రొంప మూడో నాటికో నాలుగో నాటికో ఛాతీలోకి దిగుతుంది. బిడ్డ డొక్కలెగరేస్తుంది. రెండు గుక్కలు తాగి, ఆయాసం ఆపుకోలేక రొమ్ము వదిలేస్తుంది. ఆకలికి మళ్లీ పట్టుకోబోతుంది, మళ్లీ వదిలేస్తుంది. కాసేపటికి ఏడ్చే ఓపిక కూడా పోతుంది. ఏడుపు ఆగింది, నెమ్మదించిందని ఇంట్లోవాళ్లు ఊరట పడే ఆ ఘడియే అన్నిటికన్నా ప్రమాదకరమైనది.

ఇలా పసిపిల్లల ఊపిరి తీసే వైరస్‌లు చాలానే ఉన్నాయి. ఇన్‌ఫ్లూయెంజా, పారాఇన్‌ఫ్లూయెంజా, 2001లో బయటపడిన మెటాన్యూమోవైరస్ అందులోవే. వాటన్నిటికీ పెద్దది ఆర్‌ఎస్‌వీ, అంటే రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్. రెండేళ్లు నిండేలోపు దాదాపు ప్రతి బిడ్డకూ ఒక్కసారైనా ఇది సోకుతుంది. 2019 సంవత్సరానికి శాస్త్రవేత్తలు కట్టిన అంచనా ప్రకారం, ఐదేళ్లలోపు పిల్లల్లో 3.3 కోట్ల సార్లు ఇది ఊపిరితిత్తుల దాకా పాకింది. 36 లక్షల సార్లు పిల్లలను ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. లక్ష మందికి పైగా చనిపోయారు. వారిలో దాదాపు సగం మందికి ఆరు నెలలు కూడా నిండలేదు. మరణాల్లో 97 శాతానికి పైగా పేద, మధ్యాదాయ దేశాల్లోనివే. అంతకన్నా కలచివేసేది మరొకటుంది: చనిపోయిన ప్రతి నలుగురిలో ముగ్గురు ఆసుపత్రి బయటే ప్రాణం విడిచారు.

పెద్దలను వదిలి పసివాళ్లనే ఇది ఎందుకు ఇంతగా పీడిస్తుందంటే, వాళ్ల శ్వాసనాళికలు అంత సన్నగా ఉంటాయి కాబట్టి. నాళిక లోపలి వెడల్పు సగానికి తగ్గితే, గాలి పోవడానికి ఎదురయ్యే అడ్డు రెండింతలు కాదు, పదహారింతలవుతుంది. వైరస్ దెబ్బకు నాళిక గోడలు వాస్తాయి, చచ్చిన కణాలూ కఫమూ కలిసి దారి మూసేస్తాయి. ఉన్న శక్తంతా ఊపిరి లాగడానికే ఖర్చయిపోతే ఇక పాలు తాగేదెలా? మరీ చిన్నవాళ్లలోనైతే ఒక్కోసారి దగ్గూ పిల్లికూతలూ ఏమీ లేకుండానే మధ్యమధ్య ఊపిరి ఆగిపోతుంది. నెలలు నిండకుండా పుట్టినవారికీ గుండె జబ్బులున్నవారికీ ముప్పు ఎక్కువన్నది నిజమే. కానీ ఆసుపత్రుల్లో చేరేవారిలో ఎక్కువమంది నెలలు నిండి, ఆరోగ్యంగా పుట్టినవారే. అందుకే బలహీనంగా ఉన్న కొందరిని మాత్రం కాపాడితే చాలదు.

వైద్యం మాటకొస్తే, ఈ వైరస్‌పై యాంటీబయాటిక్స్ పనిచేయవు. ఆసియా, ఆఫ్రికాల్లోని ఏడు దేశాల్లో జరిగి 2019లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం, ఆసుపత్రిలో చేరి ఎక్స్‌రేలో న్యుమోనియా తేలిన పిల్లల్లో 61 శాతం కేసులకు వైరస్‌లే కారణమని, 31 శాతం ఒక్క ఆర్‌ఎస్‌వీ వల్లేనని చెప్పింది. బ్యాక్టీరియా అనుమానం ఉన్నచోట వైద్యులు యాంటీబయాటిక్ ఇచ్చి తీరాలి, అందులో రెండో మాట లేదు. మందుల షాపులో అడిగి తెచ్చిన సీసాతో రెండు రోజులు గడిపేయడం వేరు. ఆ రెండు రోజుల్లో బిడ్డకు కావలసింది ఆక్సిజన్, ముక్కు శుభ్రం చేసే చెయ్యి, ఒంట్లోకి ద్రవాలు.

టీకా కథ మరీ బాధాకరమైనది. ఈ వైరస్‌ను 1956లోనే, మొదట చింపాంజీల్లో, గుర్తించారు. 1960లలో ప్రయోగించిన తొలి టీకా కాపాడకపోగా జబ్బును తీవ్రం చేసింది, ఇద్దరు శిశువులు చనిపోయారు. ఆ భయంతో దశాబ్దాల పాటు పరిశోధన నెమ్మదించింది. కణంలోకి చొరబడేందుకు వైరస్ వాడుకునే ఎఫ్ ప్రొటీన్, ఆ చొరబాటుకు ముందు ఏ ఆకారంలో ఉంటుందో 2013లో తేలాకే దారి తెరుచుకుంది. ఇప్పుడు రెండు రక్షణలున్నాయి. గర్భిణికి నెలలు నిండే ముందు ఇచ్చే టీకా ఒకటి. తల్లిలో పుట్టిన ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) కడుపులోని బిడ్డకు చేరతాయి. పుట్టిన బిడ్డకే నేరుగా ప్రతిరక్షకాన్ని ఇచ్చే నిర్సెవిమాబ్ ఇంజెక్షన్ రెండోది. స్పెయిన్‌లోని గలీసియాలో 2023-24లో శిశువులందరికీ ఈ ఇంజెక్షన్ ఉచితంగా ఇవ్వజూపితే, తీసుకున్నవారిలో ఆర్‌ఎస్‌వీతో ఆసుపత్రిలో చేరే ముప్పు 80 శాతానికి పైగా తగ్గింది.

ఈ రెండింటిలో ఏదో ఒకదాన్ని అన్ని దేశాలూ చేపట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో సిఫార్సు చేసింది. అయినా వీటిని ముందుగా అందుకున్నవి సంపన్న దేశాలే. మరణాల్లో 97 శాతం ఎక్కడున్నాయో అక్కడికే ఆఖరున చేరబోతున్నాయి. న్యుమోనియా తెచ్చే ఒక బ్యాక్టీరియా నుంచి కాపాడే న్యూమోకోకల్ టీకా విషయంలో ఇదే జరిగింది. 2000లో అమెరికాలో మొదలైన ఆ టీకా అత్యంత పేద దేశాలకు చేరడానికి దాదాపు పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లలో పోయిన పిల్లలకు జవాబు చెప్పినవారు లేరు. ఈసారీ అంతే కాలం ఆగమంటే ఒప్పుకునేది లేదు. తయారీ సంస్థలు పేద దేశాలకు వేరే ధర పెట్టాలి, చవకగా తయారుచేయగల సంస్థలకు పరిజ్ఞానం ఇవ్వాలి. దాతృ దేశాలు టీకా నిధులకు కోత పెట్టడం మానాలి.

టీకా వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. బిడ్డ నిమ్మళంగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట లేచి పడటాన్ని నిండా ఒక నిమిషం లెక్కపెట్టడం ఎవరైనా నేర్చుకోవచ్చు. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఆపైన ఐదేళ్ల దాకా 40. లెక్క అంతకు చేరినా, దాటినా, డొక్కలు లోపలికి పోతున్నా, పాలు మానేసినా ఇంట్లో ఆగకూడదు. పరుగెత్తుకుంటూ వెళ్లిన తల్లికి ఆ దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో వేలికి తొడిగే ఆక్సీమీటరూ, నిండిన ఆక్సిజన్ సిలిండరూ కనబడాలి. ఇవి ఖరీదైన కోరికలు కావు. వచ్చే జలుబు కాలం మొదలయ్యేలోపు ఏ కేంద్రంలో ఇవి ఉన్నాయో, ఎక్కడ లేవో ప్రతి ప్రభుత్వమూ లెక్క తీసి ప్రజల ముందు పెట్టాలి. గర్భిణులకు టీకా ఏ తేదీ నుంచి ఇస్తారో కూడా అందులోనే చెప్పాలి.