రొయ్యల చెరువుకు స్పేరు మిషన్ చాలదు, టైమ్ మిగలాలి

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చెరువు గట్ల మీదకు ఆటోమేటిక్ కంట్రోలర్లు వస్తున్నాయి. నీళ్లలో డీవో (కరిగిన ఆక్సిజన్) కొలుస్తాయి, ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటార్లు) వేస్తాయి, కరెంటు పోతే జనరేటర్ స్టార్ట్ చేస్తాయి. "ఒకటి పాడైనా ఇంకోటి ఉంటుందండీ, భయం లేదు" అన్నది అమ్మేవాళ్ల ధీమా. అందులో సగమే నిజం.

పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే నాచు రొయ్యలతో పాటు ఆక్సిజన్ తీసుకుంటుంది. అందుకే తెల్లవారుజామున డీవో అట్టడుగుకు పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయినప్పటి నుంచి ఊపిరాడక రొయ్య తేలేదాకా ఉన్న వ్యవధే ఈ కంట్రోలర్‌కు డెడ్‌లైన్. గడువు దాటాక ఏరియేటర్ ఎంత బాగా తిరిగినా ఒకటే, తిరగకపోయినా ఒకటే. రియల్‌టైమ్ సిస్టమ్ అంటే ఇదే.

లెక్క కోసం ఆ గడువు 20 నిమిషాలు అనుకుందాం. మోటారు స్టార్టింగ్‌లో మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది కనుక ఏరియేటర్లన్నీ ఒక్కసారే వేస్తే జనరేటర్ తట్టుకోదు. ఒకదాని తర్వాత ఒకటి వేయాలి. మొత్తం పనికి 6 నిమిషాలు పడుతుందనుకుంటే, స్పేరు కంట్రోలర్ 14వ నిమిషం లోపు రంగంలోకి దిగాలి. మొదటిది ఆగిపోయిందని తేల్చుకోవడానికే 15 నిమిషాలు తీసుకునే సిస్టమ్‌లో రెండోది ఎంత ఆరోగ్యంగా ఉన్నా దండగే.

షెడ్యూలింగ్ (కంప్యూటర్ ఏ పని ఎప్పుడు చేయాలో తేల్చడం) పరిశోధకులు ఈ చిక్కును ఎప్పుడో పట్టుకున్నారు. ఒకే పనిని రెండు ప్రాసెసర్ల మీద పెడతారు. అసలు ప్రతిని వీలైనంత ముందుకు, బ్యాకప్ ప్రతిని వీలైనంత వెనక్కి జరుపుతారు. అసలుది సవ్యంగా ముగిస్తే బ్యాకప్‌ను రద్దు చేసి ఆ సమయం వేరే పనులకిస్తారు. పొదుపు కోసం ఇంకో ఉపాయం కూడా ఉంది: వేర్వేరు పనుల బ్యాకప్‌లను ఒకే ఖాళీలో ఒకదాని మీద ఒకటి పెట్టడం. ఒకసారికి ఒక్క లోపమే వస్తుందన్న నమ్మకం మీద నడిచే ఉపాయం అది. మన డెల్టాలో నాకు భయం వేసేది సరిగ్గా ఇక్కడే. గాలివానకు ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే కరెంటు లైను) పడిపోతే కరెంటు ఒక్క చెరువుకు పోదు, ఆ లైన్ మీదున్న చెరువులన్నిటికీ ఒకే క్షణంలో పోతుంది. పది చెరువులు ఒక జనరేటర్‌నూ ఒక స్పేరునూ పంచుకుంటే ఆ రాత్రి పదింటి డెడ్‌లైన్లూ ఒకేసారి మీద పడతాయి. లోపాలు విడివిడిగా వస్తాయని లెక్కేసిన షెడ్యూల్ ఇక్కడ పనికిరాదు.

స్పేరు కూడా అదే సాఫ్ట్‌వేర్‌తో నడుస్తుంటే మరీ ప్రమాదం. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ లేచిన 40 సెకన్ల లోపే పేలిపోయింది. దిశ చూపే కంప్యూటర్లు రెండున్నాయి. రెండిట్లో ఒకే ప్రోగ్రామ్, ఒకే తప్పు. ముందు బ్యాకప్ ఆగింది, వెంటనే అసలుది కూడా ఆగింది.

ప్రాసెసర్‌ను నిండా నింపేయడం ఇంకో జబ్బు. తరచూ చేయాల్సిన పనికి ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చే పద్ధతిలో, పనులు ఎన్నున్నా, ప్రాసెసర్ వాడకం సుమారు 69 శాతం దాటకపోతే డెడ్‌లైన్లకు ఢోకా లేదని కంప్యూటర్ శాస్త్రవేత్తలు లియు, లేలాండ్ 1973లో నిరూపించారు. అది కూడా ఏ లోపమూ రాని రోజు మాట. చెడిన పనిని మళ్లీ చేయాలంటే ఇంకా ఖాళీ కావాలి. మనవాళ్లేమో ఆ ఖాళీలో కెమెరా వీడియో, రంగురంగుల గ్రాఫులు కూరుతున్నారు. 1969లో అపోలో 11 దిగుతుండగా కంప్యూటర్ మీద భారం ఎక్కువైతే, అది రీస్టార్టై, అప్రధానమైన పనులు వదిలేసి దిగే పనిని కాపాడుకుంది. చెరువు దగ్గర కూడా ముందు వదలాల్సింది గ్రాఫునే.

లీజు చెరువు రైతు రెండు ఖరీదైన పెట్టెలు కొనలేడు. నా సలహా, రెండోది ప్రాసెసరే లేనిది పెట్టుకోవాలి: ఫేజు పోగానే బ్యాటరీ మీద మోగే సైరన్, దానికి లేచి జనరేటర్ వేసే కాపలా మనిషి. సాఫ్ట్‌వేర్ తప్పు దాన్ని తాకదు.

డెమో మాత్రం ఇప్పటికీ మధ్యాహ్నమే ఇస్తున్నారు. ఎండలో డీవో నిండుగా ఉంటుంది, ఏ కంట్రోలరైనా పాసవుతుంది. తెల్లవారుజామున మూడు గంటలకు, రైతు ఎదురుగా, మెయిన్ కంట్రోలర్ ఫ్యూజు పీకి, ఏరియేటర్లన్నీ తిరిగేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో కాగితం మీద రాసిచ్చాకే చివరి వాయిదా డబ్బు చెల్లించాలి.