‘ఆఫ్రికాలో చదువు ఉచితమేగా, ఇంకా విరాళాలు ఎందుకు?’ అనేవారికి

వాట్సాప్‌లో చేతులు మారుతున్న ఒక సందేశం సారాంశం ఇది: ఆఫ్రికాలో హైస్కూలు చదువు ఇప్పుడు ఉచితం. అక్కడి పిల్లల ఫీజుల పేరిట అడిగే డబ్బు వారికి చేరదు. చేరినా, చదివాక ఉద్యోగాలు ఉండవు. పైగా చేయిచాచడం అలవాటవుతుంది. అయినా మన ఊళ్లో పేదలు లేరా?

మొదటి మాట సగమే నిజం. ఆఫ్రికా ఒక దేశం కాదు, ఒక్కోచోట ఒక్కో పద్ధతి. ఘానా 2017లో సీనియర్ హైస్కూలును ఉచితం చేసి, హాస్టలు ఖర్చు కూడా భరించింది. కెన్యాలో 2008 నుంచి ఉచితమైనది బోధన రుసుము మాత్రమే. అందుకోసం ఒక్కో విద్యార్థికి ఏడాదికి 22,244 షిల్లింగులు ఇస్తామని ప్రభుత్వం లెక్కగట్టింది. ఆ సొమ్ము ఆలస్యమవుతోందని ప్రధానోపాధ్యాయులు మొత్తుకోవడం అక్కడ మామూలే. మన ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు చూసినవారికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. ఇక మంచి మార్కులతో జాతీయ స్థాయి స్కూల్లో సీటు తెచ్చుకున్న పిల్ల హాస్టల్లో ఉండాలి. అందుకు తల్లిదండ్రుల వాటాగా ప్రభుత్వమే ఖరారు చేసిన మొత్తం ఏడాదికి 53,554 షిల్లింగులు. యూనిఫాం, పరుపు, ట్రంకు పెట్టె, దారి ఖర్చులు దీనికి అదనం. కూలి చేసుకునే ఇంట్లో సీటు వచ్చిన కబురు సంతోషంతో పాటు దిగులునూ తెస్తుంది. ఈక్విటీ గ్రూప్ ఫౌండేషన్, మాస్టర్‌కార్డ్ ఫౌండేషన్ కలిసి 2010లో మొదలుపెట్టిన ‘వింగ్స్ టు ఫ్లై’ ఉపకారవేతనం ఫీజుతో ఆగకుండా పుస్తకాలు, యూనిఫాం, ప్రయాణం కూడా చూసుకునేది ఇందుకే.

ఉద్యోగాలు లేవు కనుక చదువు దండగ అన్నదానికి జవాబు ఘానాలోనే ఉంది, అదీ అక్కడ ఫీజులు ఉన్న రోజుల్లో. 2008లో సీటు వచ్చినా ఫీజు కట్టలేక చేరలేకపోయిన 2,064 మందిలో 682 మందిని లాటరీతో ఎంపిక చేసి ఉపకారవేతనం ఇచ్చారు. ఆర్థికవేత్తలు ఎస్తర్ డఫ్లో, పాస్కలిన్ దుపా, మైకేల్ క్రెమర్ సాయం అందినవారినీ అందనివారినీ ఏళ్ల తరబడి గమనించారు. లాటరీ కాబట్టి ‘తెలివైనవారినే ఏరుకున్నారు’ అనే వంక చెల్లదు. సాయం అందినవారిలో చదువు పూర్తిచేసినవారు నూటికి 26 మంది చొప్పున ఎక్కువ. పాతికేళ్లు వచ్చేసరికి, సాయం అందిన అమ్మాయిలకు అందనివారికంటే సంతానం తక్కువ. సుమారు ఐదుగురికి ఒక బిడ్డ చొప్పున తేడా. కాలేజీ మెట్టెక్కినవారూ పెరిగారు, ముఖ్యంగా అమ్మాయిల్లో. అందరి జీతాలూ ఒక్కసారిగా పెరిగిపోయాయని ఆ అధ్యయనం చెప్పలేదు, నేనూ చెప్పను. కానీ ఎప్పుడు తల్లి కావాలో తేల్చుకునే వీలు జీతం పట్టీలో కనబడదు కదా.

చేయిచాచే అలవాటా? 1993లో క్యామ్‌ఫెడ్ సంస్థ జింబాబ్వేలో 32 మంది బాలికల చదువుకు సాయంతో మొదలైంది. తొలినాళ్లలో ఆ సాయంతో చదువుకున్న ఆంజెలిన్ మురిమిర్వా ఇప్పుడు ఆ సంస్థకే ముఖ్య కార్యనిర్వహణాధికారి. ఆ సాయంతో చదివి బయటికొచ్చిన యువతులు తర్వాతి పిల్లలకు మార్గదర్శకులుగా పనిచేస్తున్నారు, సొంత సంపాదనలోంచి వారి ఖర్చులూ పెడుతున్నారు.

మన ఊళ్లో పేదలు ఉన్నారు. ఈ సందేశం పంపేవారు వారికి ఇస్తామంటే ఎవరూ ఆపలేదు.

డబ్బు చేరదన్న మాటను చివరికి ఉంచింది, అందులో కొంత నిజం ఉంది కనుక. 1998లో షికాగో ట్రిబ్యూన్ పత్రిక ఒక్కో బిడ్డ పేరిట దాతల నుంచి విరాళాలు తీసుకునే పథకాలపై పరిశోధించినప్పుడు, పశ్చిమ ఆఫ్రికా దేశం మాలిలో ఎప్పుడో చనిపోయిన పాప పేరిట కూడా విరాళాలు సాగుతున్నట్టు బయటపడింది. ఫొటో, ఉత్తరం చూపి నెలనెలా వసూలు చేసే పథకాల మీద నాకూ అనుమానమే. అయితే స్కూలు ఫీజుకు రసీదు ఉంటుంది. ఇచ్చేముందు మూడు సంగతులు అడగండి. ఫీజు నేరుగా స్కూలు ఖాతాకే వెళుతుందా? పిల్లల ఎంపికలో ఆ ఊరి ఉపాధ్యాయులకు, పెద్దలకు పాత్ర ఉందా? చేరినవారిలో ఎందరు చివరిదాకా చదివారు? వీటికి సూటిగా జవాబు రాకపోతే ఇవ్వకండి.