ఉగాది పచ్చడి పోయడానికి అగ్రిమెంటా?

బెంగళూరులో మా ఏరియా తెలుగు సంఘం వాళ్లు ఉగాదికి వాలంటీర్లు కావాలంటే సరే అన్నాను. వెళ్తే ఈ-స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు చేతిలో పెట్టారు. "సంఘానికి సంబంధించిన సమస్త సమాచారం" బయట మాట్లాడకూడదట, మానేశాక కూడా, ఎప్పటికీ! నేను చేసేది కుర్చీలు వేయడం, పచ్చడి గ్లాసుల్లో పోయడం. అందులో రహస్యమేంటి, వేపపువ్వు ఎంత వేశారనా?

పిల్లల వివరాలు, సభ్యుల ఫోన్ నంబర్లు, విరాళమిచ్చిన వాళ్ల పాన్ నంబర్లు బయటికి పోకూడదంటే కళ్లు మూసుకుని సంతకం పెడతా. అది రెండు లైన్లలో రాస్తే సరిపోయేది. కానీ "ఆర్థిక విషయాలు", "కమిటీ చర్చలు" కూడా కలిపేశారు, అంటే హాలు అద్దె ఎంతయింది, స్పాన్సర్ల డబ్బు ఎటు పోయింది అని పక్కవాళ్లతో అన్నా తప్పే. కర్ణాటక సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 1960 కింద నమోదైన సంఘం ఏటా లెక్కలు రిజిస్ట్రారుకి ఇవ్వాల్సిందే కదండీ, మరి సభ్యులకి చెప్పడానికి నొప్పేంటి?

అడిగితే "ఫార్మాలిటీ అండీ, అందరూ పెట్టారు" అన్నారు సెక్రటరీగారు. ఫార్మాలిటీ అయితే తీసేయండి మరి! కాపీ ఇవ్వమంటే ఇవ్వరట, అదీ కాన్ఫిడెన్షియలే. జీతం లేదు, ఆటో డబ్బులు మనవే, ఎండలో నిలబడాలి, పైగా నష్టపరిహారం కట్టాలని ఒక క్లాజు. ఆఫీసులోనే నయం, జీతమిచ్చి నోరు మూయిస్తారు.

సంతకం పెట్టలేదు. "ఆ లెక్కల లైను కొట్టేస్తే వస్తా" అని మెసేజ్ పెట్టాను. బ్లూ టిక్కులు పడ్డాయి, జవాబు లేదు, వాలంటీర్ల గ్రూపులోంచి మాత్రం తీసేశారు.